నీలాంబుధి స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం: మొదటి ముసాయిదా మీద చర్చ

#1 పటాలరాత
అందరికీ నమస్కారం. మన కల్పిత ప్రపంచంలో నీలాంబుధి పరిసర దేశాలకు సరిహద్దులు కుదిరాయి, నాణేలు కుదిరాయి. ఇక సరుకు రాకపోకల సంగతి తేల్చాలి. కొత్తగా చేరినవాళ్ల కోసం దేశాల గురించి నాలుగు ముక్కలు.

పల్వల డెల్టా దేశం. వరి, నూనెగింజలు, కుట్టుపని. బయటి సరుకు మీద 40 శాతం సుంకం. లోహితలో ఇనుము, బొగ్గు, మగ్గాలు, ఫ్యాక్టరీలు. సుంకం 15 శాతం. శంఖద్వీపం పెద్ద రేవు, అక్కడ సుంకం లేనట్టే. గిరిధామకు సముద్రం లేదు, కొండలు, జలవిద్యుత్తు ఉన్నాయి. సుంకం 30 శాతం, ఖజానాకు వచ్చే డబ్బులో మూడో వంతు కస్టమ్స్ నుంచే.

ముసాయిదాలో మూడే అధికరణాలు పెట్టాను. ఒకటి, సభ్య దేశాల మధ్య అన్ని సరుకుల మీద సుంకం 5 ఏళ్లలో సున్నా అవ్వాలి. రెండు, బయటి దేశాల మీద ఎవరి సుంకం వాళ్లిష్టం. మూడు, తగాదా వస్తే కూర్చుని మాట్లాడుకోవాలి. దేశాల మధ్య వాణిజ్యానికి నియమాలు పెట్టే అంతర్జాతీయ ఒప్పందం గాట్‌లో 24వ అధికరణం సభ్యుల మధ్య జరిగే వాణిజ్యంలో దాదాపు అంతటి మీదా సుంకాలు ఎత్తేయమంటుంది, అందుకు మామూలుగా పదేళ్లకు మించకూడదని ఆ అధికరణం మీద 1994లో కుదిరిన అవగాహన పత్రం చెబుతుంది. మనం ఆ హద్దులోనే ఉన్నాం. అభిప్రాయాలు చెప్పండి.

#2 రేవుకాపరి
పటాలరాత గారూ, పని మొదలుపెట్టినందుకు సంతోషం. విశాఖ రేవులో చాలాకాలం క్లియరింగ్ పని చేసినవాణ్ని కాబట్టి రెండో అధికరణం దగ్గరే ఆగిపోయాను. శంఖద్వీపంలో సుంకం లేదు, పల్వలలో 40 శాతం. రెండింటి మధ్య సున్నా. ఇక బయటి వ్యాపారి పల్వల రేవుకు ఎందుకు వస్తాడు? శంఖద్వీపంలో దించి, డబ్బా మార్చి, "శంఖద్వీపంలో తయారైంది" అని ముద్ర వేసి పల్వలకు పంపుతాడు. పల్వల గీసుకున్న 40 శాతం గోడ కాగితం మీదే ఉంటుంది.

ఇది ఊహ కాదు. భారత్, శ్రీలంకల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం మీద 1998 డిసెంబరులో సంతకాలు అయ్యాయి, 2000 మార్చిలో అమల్లోకి వచ్చింది. అప్పటికి శ్రీలంకలో పామాయిల్ మీద సుంకం మన దగ్గరకంటే బాగా తక్కువ. వనస్పతి ఫ్యాక్టరీలు అక్కడ వెలిశాయి, పెట్టుబడి చాలావరకు మనవాళ్లదే. ఆగ్నేయాసియా నుంచి ముడి నూనె తెప్పించి, అక్కడ వనస్పతి చేసి, సుంకం లేకుండా భారత్‌కు పంపారు. చివరికి ఏడాదికి రెండున్నర లక్షల టన్నులని కోటా పెట్టాల్సి వచ్చింది. నేపాల్ మీదుగా రిఫైన్డ్ నూనె వచ్చిన కథా ఇదే దారి.

మన ముసాయిదాకు గుండెకాయ లాంటి భాగమే లేదు. సరుకు ఏ దేశానిదో తేల్చే నిబంధనలు కావాలి. వాటినే రూల్స్ ఆఫ్ ఆరిజిన్ అంటారు.

#3 శంఖనాదం
శంఖద్వీపం తరఫున రాస్తున్నాను. రేవుకాపరి గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మా దీవిలో నేల లేదు, గనులు లేవు. బయటి ముడిసరుకు తెచ్చి పని చేసి పంపడమే మా బతుకు. నూనె శుద్ధి చేయడం పని కాదా? మా కార్మికులు పడ్డ కష్టాన్ని "డబ్బా మార్చడం" అంటే ఎలా? మా ముడిసరుకు బయటిదని చెప్పి మమ్మల్ని గుమ్మం బయట నిలబెడితే ఈ ఒప్పందంలో మాకు మిగిలేది ఏమీ లేదు.

#4 రేవుకాపరి
శంఖనాదం గారూ, న్యాయమైన ప్రశ్న. మీ శ్రమను లెక్కలోకి తీసుకోవడానికే విలువ జోడింపు శాతం అనే పద్ధతి ఉంది. ఆగ్నేయాసియా దేశాల కూటమి ఆసియాన్‌లో 40 శాతం ప్రాంతీయ విలువ, అంటే సభ్య దేశాల్లోనే జోడైన విలువ, అడుగుతారు. ఆసియాన్, భారత్ ఒప్పందంలో 35 శాతం, దాంతోపాటు టారిఫ్ ఉపశీర్షిక కూడా మారాలి. అంటే లోపలికి వచ్చిన వస్తువు, బయటికి వెళ్లే వస్తువు కస్టమ్స్ పుస్తకంలో వేర్వేరు కోడ్‌ల కింద ఉండాలి.

మీ నూనెనే తీసుకోండి. 80కి ముడి నూనె కొన్నారు, శుద్ధి చేసి 100కి అమ్మారు. మీరు జోడించింది 20 శాతం. 40 గీత పెడితే దాటదు.

ఇప్పుడు అసలు తిరకాసు. అదే నూనెకు 135 అని ఇన్‌వాయిస్ రాస్తే? జోడింపు 55 అవుతుంది, 135లో అది 40 శాతం దాటుతుంది. మామూలుగా ధర ఎక్కువ చూపిస్తే సుంకం ఎక్కువ పడుతుంది కాబట్టి ఎవరూ ఎక్కువ రాయరు. ఇక్కడ సుంకమే సున్నా, ఎక్కువ రాసినా పోయేదేమీ లేదు. అమ్మేవాడు, కొనేవాడు ఒకే యజమాని కంపెనీలైతే 135 అనే అంకె కాగితం మీద తప్ప ఎక్కడా ఉండదు. అందుకే శాతం ఒక్కటీ చాలదు, కోడ్ మార్పు కూడా కావాలి. శంఖద్వీపంలో నూనెతో సబ్బు చేస్తే రెండు పరీక్షలూ సులువుగా గట్టెక్కుతాయి. ఉత్త శుద్ధికి మాత్రం విడిగా ఒక కోటా అడగండి, పల్వలతో తేల్చుకోండి.

ఇంకో మాట. సర్టిఫికెట్ ఇచ్చే దేశానికి తనిఖీ చేయాలన్న ఆత్రం ఉండదు, ఎందుకంటే నష్టం కొనే దేశానిది. 2020 సెప్టెంబరు 21 నుంచి భారత్‌లో దిగుమతిదారుడే వస్తువు పుట్టుక వివరాలు దగ్గర ఉంచుకుని, అడిగితే చూపించాలన్న నిబంధన వచ్చింది. మన ఒప్పందంలోనూ అది ఉండాలి.

#5 డెట్రాయిట్_తెలుగు
నేను ఇక్కడ కారు విడిభాగాల సప్లయర్ దగ్గర పని చేస్తాను, ఈ కాగితాలతోనే నా రోజు గడుస్తుంది. శాతం ఎక్కువ పెడితే మంచిదే అనుకోకండి. అమెరికా, కెనడా, మెక్సికోల పాత వాణిజ్య ఒప్పందం నాఫ్టాలో కార్లకు 62.5 శాతం ఉండేది. 2020 జులై 1న వచ్చిన కొత్త ఒప్పందంలో 75 శాతం చేశారు. పైగా కారు విలువలో 40 నుంచి 45 శాతం గంటకు 16 డాలర్లు తగ్గకుండా జీతం ఇచ్చే చోట తయారవ్వాలన్నారు. అప్పట్లో అమెరికాలో మామూలు కారు సుంకం 2.5 శాతమే. ఈ కాగితాల టెన్షన్ పడేకంటే ఆ సుంకం కట్టేయడమే నయమని కొందరు అదే చేశారు.

మీకు దీనికన్నా ముఖ్యమైన విషయం, విలువను ఎలా కూడతారు అనేది. ఒక చొక్కా చూడండి. బయటి దేశపు దూది విలువ 50. గిరిధామలో నూలు వడికి 70కి అమ్మారు. లోహితలో బట్ట నేసి 85కి అమ్మారు. పల్వలలో కుట్టి 100కి అమ్మారు. ఒక్కో దేశాన్ని విడిగా చూస్తే ఎవరూ 40 దాటరు. గిరిధామ నూలులో జోడింపు 20, 70లో అది 29 శాతం కూడా లేదు. "ముందు మెట్టులో పాసైన సరుకునే లెక్కిస్తాం" అంటే ఆ నూలు మొత్తం విదేశీ సరుకైపోతుంది, బట్ట కూడా పోతుంది, చివరికి చొక్కా కూడా పోతుంది. నాలుగు దేశాల్లో జరిగిన పనినంతా కలిపి కూడితే? బట్ట దగ్గర 35, 85లో 41 శాతం. చొక్కా దగ్గర 50 శాతం. రెండూ పాస్.

దీన్ని పూర్తి క్యుములేషన్ అంటారు. ఈ ఒక్క నిబంధన మీద మూడు దేశాల మిల్లులు ఆధారపడి ఉన్నాయి. దయచేసి వదలకండి.

#6 ఏలూరు_గెలలు
పల్వల తరఫున నేను. రెండు విషయాలు. క్యుములేషన్‌కు పూర్తిగా ఒప్పుకుంటున్నాం, మా కుట్టుమిషన్లు నిలబడాలి. నూనె దగ్గర మాత్రం మెత్తబడను.

మాది నిజంగానే పామాయిల్ తోట. గెల టన్ను ధర మా చేతిలో ఉండదు, ముడి నూనె ధరను బట్టి కడతారు, ఆ ధర దిగుమతి సుంకం చుట్టూ తిరుగుతుంది. 2024 సెప్టెంబరులో ముడి పామాయిల్ మీద మూల సుంకం సున్నా నుంచి 20 శాతం చేశారు, 2025 మేలో మళ్లీ 10 శాతం చేశారు. మొక్క నాటితే కాపుకు రావడానికి నాలుగేళ్లు, తర్వాత పాతికేళ్లు అదే తోట. సుంకం మాత్రం ఏడాది తిరక్కుండా మారుతుంది. ఫ్యాక్టరీ వాడు ఇంకో వస్తువు చేసుకుంటాడు, మేము తోట పీకి ఇంకోటి వేయలేం. అయిదేళ్లలో సున్నా అంటే పల్వల నూనెగింజల రైతు చచ్చిపోతాడు. మాకు పదేళ్లు కావాలి, నూనె, బియ్యం, పాలు మినహాయింపు జాబితాలో ఉండాలి.

#7 లోహిత_వాణిజ్యం
పదేళ్ల గడువుకు అభ్యంతరం లేదు. మినహాయింపు జాబితా అంటేనే భయం. దక్షిణాసియా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం సాఫ్టా సంగతి చూడండి. 2004 జనవరిలో ఇస్లామాబాద్‌లో సంతకాలు, 2006లో అమలు. ప్రతి దేశం తనకు నచ్చని వస్తువులన్నీ సెన్సిటివ్ లిస్టులో వేసుకుంది. నిజంగా వ్యాపారం జరిగే సరుకే అందులో ఉంటే మిగిలినవాటి సుంకం సున్నా అయినా ఎవరికి లాభం? దక్షిణాసియా దేశాల మొత్తం వాణిజ్యంలో తమలో తాము చేసుకునేది 5 శాతం దగ్గరే ఉండిపోయింది. ఆసియాన్‌లో అది ఐదో వంతు పైనే. రాజకీయ వైరం కూడా ఒక కారణమని ఒప్పుకుంటాను, జాబితాల పాపం మాత్రం తక్కువ కాదు. అదే భారత్ 2011లో బాగా వెనకబడ్డ దేశాలకు తన జాబితాను 25 వస్తువులకు కుదించాక బంగ్లాదేశ్ బట్టలకు దారి తెరుచుకుంది.

పల్వలకు నా మాట ఇది: శాశ్వత మినహాయింపు వద్దు, దాని బదులు రక్షణ మీట ఉంచుకోండి. ఏ సరుకైనా గత మూడేళ్ల సగటు దిగుమతికి 125 శాతం దాటితే పాత సుంకం దానంతట అదే తిరిగి రావాలి, ఆ ఏడాది చివరిదాకా ఉండాలి.

#8 ఏలూరు_గెలలు
"దానంతట అదే" అన్న మాట కచ్చితంగా ఉండాలి. ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం ఆర్‌సెప్ చర్చల నుంచి భారత్ 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో బయటికి రావడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. దిగుమతులు ఒక్కసారిగా పెరిగితే ఆటోమేటిగ్గా పనిచేసే రక్షణ అడిగింది, దొరకలేదు. సుంకాల తగ్గింపును 2014 నాటి సుంకం నుంచి లెక్కపెట్టడం మీద కూడా పేచీ వచ్చింది. ఆరు నెలలు విచారణ జరిపి, నష్టం రుజువు చేసి, అప్పుడు సుంకం వేసుకోమంటే ఆ లోపల పంట అమ్మేసి ఉంటాం, అప్పు మాత్రం ఉంటుంది. మీట ఉంటే, బియ్యం, పాలు జాబితా నుంచి తీసేస్తాను. నూనెకు పదేళ్లు, దాంతోపాటు మీట. శంఖద్వీపానికి శుద్ధి నూనె కోటా ఎంతో విడిగా మాట్లాడతాను.

#9 గిరిధామ_దూత
ఇంతసేపూ అందరూ రైతుల గురించి, ఫ్యాక్టరీల గురించి మాట్లాడారు. మా ఖజానా గురించి ఎవరూ అడగలేదు.

మా ప్రజలు బయటి దేశపు సైకిల్ కొంటున్నారు అనుకోండి. ధర 100, సుంకం 30, మొత్తం 130. లోహిత సైకిల్ ధర 120. ఇవాళ దానికీ 30 శాతం సుంకం ఉంది కాబట్టి ఎవరూ కొనరు. ఒప్పందం వచ్చాక లోహిత సైకిల్ 120కే దొరుకుతుంది, అందరూ అటు మారతారు. కొనేవాడికి 10 మిగులుతుంది. మా ఖజానాకు 30 పోతుంది. దేశం మొత్తంగా ఒక్కో సైకిల్‌కు 20 నష్టం. లాభం లోహిత ఫ్యాక్టరీకి. దీన్నే 1950లో జేకబ్ వైనర్ అనే ఆర్థికవేత్త వాణిజ్య మళ్లింపు అని విడదీసి చూపించాడు. చవక సరుకు వదిలేసి ఖరీదు సరుకు కొంటూ, దాన్ని స్వేచ్ఛ అని పిలుస్తున్నాం.

ఆ 30తోనే మా కొండ ఊళ్లలో బడులు, ఆస్పత్రులు నడుస్తున్నాయి. పరిహారం లేకుండా గిరిధామ సంతకం పెట్టదు.

#10 తూనికరాయి
కాలేజీలో ఎకనామిక్స్ చెబుతాను, అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

గిరిధామ దూత చెప్పిన లెక్క సరైనదే. అయితే నష్టం ఎంతన్నది బయటి సుంకం మీద ఆధారపడుతుంది. గిరిధామ తన 30ని 15 చేసుకుంటే బయటి సైకిల్ 115కే వస్తుంది, లోహిత 120 నిలబడదు, మళ్లింపు జరగదు. కాబట్టి బయటి సుంకం తగ్గించుకోవడం కూడా ఒక మందు. కానీ ఖజానా దానికి సిద్ధంగా లేదు, అక్కడే పరిహారం అవసరమవుతుంది.

పరిహారానికి డబ్బు ఎక్కడిది? జర్మన్ రాజ్యాలు 1834లో త్సోల్‌ఫెరైన్ అనే సుంకాల కూటమి పెట్టుకున్నప్పుడు వచ్చిన సుంకాన్ని జనాభా లెక్కన పంచుకున్నాయి. దక్షిణాఫ్రికా, బోట్స్వానా, లెసోతో, నమీబియా, ఎస్వాటినీ ఉన్న కస్టమ్స్ యూనియన్ 1910 నాటిది, లెసోతో లాంటి చిన్న దేశాల బడ్జెట్‌కు ఆ వాటాయే పెద్ద ఆసరా. కానీ ఆ రెండూ కస్టమ్స్ యూనియన్లు. బయటి సుంకం అందరికీ ఒకటే, వచ్చిన డబ్బు ఒకే కుండలో పడుతుంది. మనది స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతం, ఉమ్మడి కుండ లేదు. విడిగా నింపాలి.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ జీఎస్టీ. 2017 జులై 1న వచ్చింది, రాష్ట్రాల సరిహద్దుల్లో పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. రాష్ట్రాలు ఒప్పుకున్నది ఊరికే కాదు. 2015-16 ఆదాయం మీద ఏటా 14 శాతం పెరుగుదల లెక్కన, తగ్గిన మొత్తాన్ని అయిదేళ్లు ఇస్తామని చట్టం చేశారు, అందుకు ప్రత్యేకంగా సెస్సు పెట్టారు. హామీ, కాలపరిమితి, డబ్బు వచ్చే దారి, మూడూ ముందే రాసుకున్నారు. సాఫ్టాలో కూడా వెనకబడ్డ దేశాలకు ఆదాయ పరిహారం పెట్టారు, అదీ కొన్నేళ్లకే.

నా ప్రతిపాదన: పశ్చిమాఫ్రికా దేశాల కూటమి ఎకోవాస్ బయటి దిగుమతుల మీద 0.5 శాతం లెవీ వసూలు చేస్తుంది. మనమూ అదే చేద్దాం. ఆ డబ్బు నిధిలోకి, నిధి నుంచి ఆదాయం కోల్పోయిన దేశానికి.

#11 లోహిత_వాణిజ్యం
బయటి నుంచి ఎక్కువ దిగుమతి చేసేది మేమే. అంటే లెవీలో సింహభాగం మాదే. మా ఫ్యాక్టరీలు బాగా పనిచేస్తున్నాయని మేము జరిమానా కట్టాలా? పోటీలో నిలబడలేని దేశాన్ని జీవితాంతం మోయలేం.

#12 శంఖనాదం
మా రేవులో దిగి వేరే దేశానికి వెళ్లిపోయే సరుకు మీద లెవీ పడకూడదు. మా దీవిలో వాడుకునే సరుకుకు మాత్రమే కడతాం. అది పడితే ఓడలు ఇంకో రేవు చూసుకుంటాయి.

#13 తూనికరాయి
శంఖనాదం గారి సవరణ సబబే, లెవీ దేశంలో వాడుకునే సరుకు మీదే ఉండాలి.

లోహిత గారూ, తూర్పు ఆఫ్రికా సంగతి ఒకసారి గుర్తు చేస్తాను. కెన్యా, ఉగాండా, టాంజానియా కలిసి 1967లో కమ్యూనిటీ పెట్టుకున్నాయి. రైల్వే, రేవులు, విమానాలు కూడా ఉమ్మడివే. ఫ్యాక్టరీలు ఎక్కువగా కెన్యాలో చేరాయి, మిగతా ఇద్దరికీ తాము అంగడిగా మిగిలిపోయామన్న బాధ పెరిగింది. దానికి తోడు సోషలిజం, పెట్టుబడిదారీ విధానాల గొడవ, 1971 తర్వాత ఉగాండాలో ఇదీ అమీన్ నియంతృత్వం. 1977లో అంతా కూలిపోయింది. ఉమ్మడి ఆస్తులు పంచుకోవడానికి 1984 దాకా పట్టింది. మళ్లీ కొత్త ఒప్పందం 2000లో గానీ అమల్లోకి రాలేదు. మీరు కట్టే లెవీ ఒక మార్కెట్‌ను నిలబెట్టే ఖర్చు. గిరిధామ లేచి వెళ్లిపోతే మీ సైకిళ్లు ఎవరికి అమ్ముతారు?

#14 లోహిత_వాణిజ్యం
ఆ వాదన తీసుకున్నాను. మా షరతు ఒకటే: ఎనిమిదేళ్లలో పరిహారం ఏటా తగ్గుతూ సున్నాకు రావాలి. గిరిధామ ఈలోపు లోపలి పన్నుల వ్యవస్థ కట్టుకోవాలి.

#15 గిరిధామ_దూత
ఎనిమిదేళ్లకు ఒప్పుకుంటున్నాం. కానీ ఇంకో భయం ఉంది, అది డబ్బుతో తీరేది కాదు. మా సరుకు సముద్రానికి వెళ్లాలంటే పల్వల మీదుగానో లోహిత మీదుగానో వెళ్లాలి. 1989 మార్చిలో నేపాల్‌తో భారత్ వాణిజ్య, ట్రాన్సిట్ (సరుకు ఒక దేశం మీదుగా దాటి వెళ్లడం) ఒప్పందాల గడువు తీరిపోయింది. రెండు ట్రాన్సిట్ మార్గాలు తప్ప మిగిలినవి మూతపడ్డాయి. కిరోసిన్, పెట్రోలు దొరక్క జనం ఎంత అవస్థ పడ్డారో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. గాట్ అయిదో అధికరణంలో ట్రాన్సిట్ స్వేచ్ఛ రాసి ఉంది. రాసి ఉండటం వేరు, లారీ కదలడం వేరు. సుంకం సున్నా అయినా సరిహద్దులో లారీ పది రోజులు ఆగితే మా యాపిల్ కుళ్లిపోతుంది.

#16 రేవుకాపరి
ఈ మాట నా మనసులోదే. ట్రాన్సిట్ సరుకుకు సీల్ వేసిన కంటైనర్, ఒకే డిక్లరేషన్, ఒకే బాండు (సుంకానికి పూచీ పత్రం) ఉండాలి. దారిలో ఏ దేశమూ తెరవకూడదు, సీల్ తెగి ఉంటే తప్ప. ఆసియాన్‌లో లాగా సింగిల్ విండోతో, అంటే అన్ని కాగితాలకూ ఒకే ఆన్‌లైన్ ద్వారంతో, ఆరిజిన్ సర్టిఫికెట్ ఒక కస్టమ్స్ నుంచి ఇంకో కస్టమ్స్‌కు కంప్యూటర్‌లోనే వెళ్లాలి. కాగితం పట్టుకుని తిరిగే ఏజెంటు ఖర్చు చిన్న వ్యాపారే ఎక్కువ భరిస్తాడు. సరుకు చిన్నదైతే సర్టిఫికెట్ అక్కర్లేదు, ఎగుమతిదారుడి సంతకం చాలు అనే నియమమూ పెట్టండి. సంతలో అమ్ముకునే ఆడవాళ్లకు ఈ ఒప్పందం పనికిరావాలంటే అదొక్కటే దారి.

#17 డెట్రాయిట్_తెలుగు
ఈ పోస్టుకు పది లైకులు కొట్టాలని ఉంది. తగాదాల సంగతి కూడా చూడండి. "కూర్చుని మాట్లాడుకోవాలి" అంటే బలమైనవాడు మాట్లాడతాడు, బలహీనుడు కూర్చుంటాడు. ప్రపంచ వాణిజ్య సంస్థ డబ్ల్యూటీవోలో అప్పీళ్లు వినే అప్పిలేట్ బాడీలో 2019 డిసెంబరు నుంచి కేసు వినడానికి సరిపడా సభ్యులే లేరు. నియామకాలను ఒక్క దేశం అడ్డుకుంటే మొత్తం ఆగిపోయింది. మన దగ్గర ఒక దేశం తన మధ్యవర్తిని నియమించకపోతే 30 రోజుల తర్వాత జాబితాలోంచి చీటీ తీసి వేయాలి.

#18 పటాలరాత
అందరి మాటలూ కలిపి రెండో ముసాయిదా రాశాను.

సుంకాలు అయిదేళ్లలో సున్నా, పల్వల నూనెకు పదేళ్లు. సరుకు పుట్టుకకు 40 శాతం ప్రాంతీయ విలువ, కోడ్ మార్పు, రెండూ కావాలి. నాలుగు దేశాల్లో జరిగిన పని అంతా కలిపి కూడాలి. దిగుమతిదారుడి దగ్గర పుట్టుక వివరాలు ఉండాలి. చిన్న సరుకుకు ఎగుమతిదారుడి సంతకం చాలు. శంఖద్వీపం శుద్ధి నూనెకు విడి కోటా, అంకె పల్వలతో తేలాక వేస్తాను. మూడేళ్ల సగటుకు 125 శాతం దాటితే పాత సుంకం దానంతట అదే వస్తుంది. బయటి నుంచి తెచ్చి దేశంలో వాడుకునే సరుకు మీద 0.5 శాతం లెవీ, ఆ నిధి నుంచి ఎనిమిదేళ్ల పరిహారం, ఏటా తగ్గుతూ. ట్రాన్సిట్‌కు ఒకే సీల్, ఒకే బాండు. తగాదాలకు ముగ్గురు మధ్యవర్తులు, నియమించకపోతే చీటీ. ఎవరైనా వైదొలగాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి.

#19 గిరిధామ_దూత
చివరి వాక్యానికి ఒక్క సవరణ. దేశం ఒప్పందం నుంచి వైదొలగినా ట్రాన్సిట్ హక్కు మాత్రం ఆగకూడదు, మరో పదేళ్లు నడవాలి. అది రాస్తే మా సంతకం ఉంటుంది.

#20 ఏలూరు_గెలలు
మా నేల మీదుగా వెళ్లే దారి అది. పల్వల ఒప్పుకుంటోంది. రోడ్డు మరమ్మతు ఖర్చు మాత్రం లారీ బరువును బట్టి వసూలు చేసుకుంటాం, లాభం వేసుకోం.

#21 పటాలరాత
రెండూ చేర్చాను. శుద్ధి నూనె కోటా అంకె కోసం శంఖనాదం గారు, ఏలూరు గారు వేరే థ్రెడ్ తెరవండి. మిగిలిన అధికరణాలు సంతకానికి సిద్ధం.

#22 లోహిత_వాణిజ్యం
లోహిత సంతకం చేస్తోంది. అయిదో ఏట పరిహారం లెక్కలను సమీక్షించాలన్న మా అభ్యర్థన మాత్రం రికార్డులో ఉంచండి.